పాప సిస్టమ్‌లో ఉండాది

మనుషులు పనిచెయ్యడం మానేస్తే తప్ప ఈ దేశం బాగుపడదు!

కోపం తెచ్చుకోకండి. నేను సోమరితనాన్ని సమర్థించడం లేదు. పని జరగాల్సిందే. కాకపోతే దాన్ని ఎవరూ చెయ్యకూడదు. ఎవరూ చూడకూడదు. మరీ ముఖ్యంగా, జరిగిందా లేదా అని ఎవరూ అడగకూడదు!

ఇదెలా సాధ్యమంటారా? మీ టేబుల్ మీదున్న కంప్యూటర్లో టాస్క్ షెడ్యూలర్ అని ఒకటుంటుంది. ఫలానా గంటకు ఫలానా పని చెయ్యమని దానికి ఒక్కసారి చెప్పి వదిలేస్తే చాలు. మీరు కుర్చీలో ఉన్నా, అలిపిరి దగ్గర మెట్లెక్కుతున్నా, అసలు ఉద్యోగమే మానేసి వెళ్ళిపోయినా అది ఆ గంటకు ఆ పని చేసేస్తుంది. ఇవి కాక బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులని మరో జాతి ఉంది. అవి తెర వెనకే ఉంటాయి, మొహం చూపించవు. జాబితా తెరిచి చూస్తే ప్రతిదాని పక్కనా 'రన్నింగ్' అని రాసి ఉంటుంది. దేనికోసం పరుగు, ఎక్కడికి పరుగు అని అడిగే ధైర్యం ఎవరికుంది? ఒకదాన్ని ఆపితే ఇంకేం ఆగిపోతుందోనని అందరికీ భయం.

నా కంప్యూటర్నే చూడండి. రాద్దామని కూర్చోగానే అది తనను తాను అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెడుతుంది. ఎడిటర్ ఫోన్ చేస్తే 'అప్‌డేట్ అవుతోందండీ' అంటాను. ఆయన ఎంతో మర్యాదగా ఫోన్ పెట్టేస్తాడు. 'నిద్రపోయానండీ' అంటే ఊరుకుంటాడా?

మా కాలనీ సంఘంవాళ్ళు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే పనిని కంప్యూటర్‌కి అప్పగించారు. నిరుడు కాలం చేసిన పెద్దాయనకు ఈ ఏడు 'నిండు నూరేళ్ళు వర్ధిల్లండి' అని మెసేజ్ వెళ్ళింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఒక్కసారైనా పలకరించని సంఘం అది! ఇది పురోగతి కాక మరేమిటి?

అయినా ఇవన్నీ చిల్లర ఉదాహరణలు. అసలు ఘనత చిత్తూరులో మా మేనకోడలు చదివే బడిది. పేరు రాయను. ఆ బడి కరస్పాండెంట్ ఏకాంబరం గారికి ప్రచారమంటే గిట్టదు. ఈ మధ్య మరీ గిట్టడం లేదు.

మా చెల్లెలు భానుశ్రీ మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త రఘునాథ్ ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఐశ్వర్య ఒకటో తరగతి. పొద్దున వీధి చివర బడి బస్సెక్కుతుంది, సాయంత్రం అక్కడే దిగుతుంది.

పూర్వం, అంటే మొన్నటిదాకా, ఆ బడి ఘోరమైన అనాగరిక స్థితిలో ఉండేది. టీచరు ఒక్కొక్క పేరూ పిలిచేది. పిల్లలు 'ఎస్ మేడమ్' అని అరిచేవాళ్ళు. ఎవరైనా రాకపోతే ఆఫీసులో ఒకావిడ ఆ ఇంటికి ఫోన్ చేసి 'ఏమ్మా, ఎందుకు రాలేదు?' అని అడిగేది. బస్సులో వెనక సీట్లో ఒక ఆయమ్మ కూర్చుని, పిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని దించేది. చూశారా, ఒక పిల్ల బడికి చేరిందని తెలుసుకోవడానికి ఎంతమంది మనుషులు కావలసి వచ్చేవాళ్ళో!

ఏకాంబరం గారు ఈ దురవస్థను సహించలేకపోయారు. కొత్త డెస్క్‌టాప్ కంప్యూటర్ కొని, దానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. దాన్ని నడపడానికి హరినాథ్ అనే యువకుణ్ణి పెట్టారు. అందరూ అతన్ని సిస్టమ్ సార్ అంటారు. ఫోన్ చేసే ఆవిడను యూనిఫారాల గదికి పంపేశారు. బస్సు ఆయమ్మను ఇంటికి పంపేశారు. ఇక నుంచి పిల్లల రాకపోకలన్నీ కంప్యూటరే చూసుకుంటుందనీ, తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండవచ్చనీ సభ పెట్టి చెప్పారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

మొదటి రోజే ఫలితం కనిపించింది. బడి గంట కొట్టిన వేళకు భానుశ్రీ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. 'మీ చిరంజీవి ఐశ్వర్య ఈ రోజు పాఠశాలకు రాలేదు.'

ఇప్పుడే బస్సెక్కించి వచ్చిన తల్లికి అది ఎలా ఉంటుందో ఊహించండి. కుట్టుమిషన్ మీది గుడ్డ అట్లాగే వదిలేసి, ఆటో పట్టుకుని బడికి పరిగెత్తింది. గేటు దగ్గర ఆమెలాంటి తల్లులు ఇంకా చాలామంది ఉన్నారు. కొందరు ఏడుస్తున్నారు. ఒకావిడ నైటీ మీద తువ్వాలు కప్పుకుని వచ్చేసింది.

"సార్, మా పాప రాలేదని మెసేజ్ వచ్చినాది. పాప యాడ?" అని భానుశ్రీ అడిగింది.

"క్లాసులోనే ఉండాది గదమ్మా. పోయి సూసుకో" అన్నారు ఏకాంబరం గారు.

"మరి రాలేదని ఎందుకు పంపినారు?"

"మేం యాడ పంపినామమ్మా? అది పంపినాది."

అంటూ టేబుల్ మీది కంప్యూటర్‌ని వేలితో చూపించారు. అది మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

జరిగింది ఇంతే. మెసేజ్ పంపే పనిని గంట కొట్టే వేళకు షెడ్యూల్ చేశారు. హాజరేమో ప్రార్థన అయ్యాక, టీచర్లకు తీరిక దొరికినప్పుడు ఎక్కిస్తారు. ఆ వేళకు హాజరు ఖాళీగా కనబడింది గనక, బడి మొత్తానికీ ఎవరూ రాలేదని కంప్యూటర్ తీర్మానించింది. దాన్ని తప్పు పట్టగలమా?

ఈ శుభవార్త వరసగా వారమంతా వచ్చింది. మొదటిరోజు పరుగెత్తిన తల్లులు తర్వాత నడిచి వచ్చారు. ఆ తర్వాత ఫోన్ చేశారు. ఆఖరికి మెసేజ్ చూడడమే మానేశారు. పిల్లలు కనిపించడం లేదన్న కబురుకు కన్నతల్లుల్ని ఇంత త్వరగా అలవాటు చెయ్యడం మనుషుల వల్ల అవుతుందా?

హరినాథ్ తెలివైనవాడే. "టైము కొంచెం ఎనక్కి జరిపితే సరిపోతుంది సార్" అన్నాడట.

"జరిపితే తప్పు జరిగినాదని ఒప్పుకున్నట్టు గదప్పా! ఇంకేమన్నా దావ సూడు" అన్నారట ఏకాంబరం గారు.

దావ దొరికింది. టైము మార్చలేదు, వాక్యం మార్చారు. గైర్హాజరని ఎవరైనా ప్రత్యేకంగా ఎక్కిస్తే తప్ప, పిల్లలందరూ వచ్చినట్టే లెక్క. దాంతో హాజరు ఎక్కించే పనే ఎవరికీ లేకుండా పోయింది. మర్నాటి నుంచి గంట కొట్టే వేళకు ఊళ్ళో ప్రతి ఇంటికీ మెసేజ్: 'మీ చిరంజీవి క్షేమంగా పాఠశాలకు చేరుకున్నారు.'

ఎంత చల్లటి మాట! తల్లులు ఫోన్లను కళ్ళకద్దుకున్నంత పనిచేశారు. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న పిల్లలు కూడా క్షేమంగా చేరుకునేవాళ్ళు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మంచి వార్త మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? భానుశ్రీ కూడా ఆ మెసేజ్ చూసుకుని నిమ్మళంగా మిషన్ తొక్కుకునేది.

మార్చి నెల మొదట్లో ఒక రోజు. ముందురోజు పుత్తూరులో బంధువుల పెళ్ళికి వెళ్ళొచ్చి ఐశ్వర్య ఆలస్యంగా పడుకుంది. పొద్దున కళ్ళు మూతలు పడుతుండగానే బస్సెక్కి, చివరి సీట్లో బ్యాగు తలకింద పెట్టుకుని నిద్రపోయింది.

బస్సు బడికి చేరింది. డ్రైవరు మునిప్రసాద్ రోజూ పిల్లలు దిగేదాకా దగ్గరుండి చూసేవాడు. ఆ రోజు బస్సు ఆగీ ఆగకముందే ఆఫీసు నుంచి ఫోన్. ఇంకో బస్సు డ్రైవరు రాలేదు, ఆ దారిలో పిల్లలు ఎదురుచూస్తున్నారు, ఈ బస్సు షెడ్డులో పెట్టేసి తొందరగా రమ్మన్నారు. పిల్లలు దిగారు. అతను తలుపు మూసుకుని, బడి వెనక మామిడితోపులోని రేకుల షెడ్డుకు బండి తోలి, తాళం వేసి, రెండో బస్సు దగ్గరకు పరుగెత్తాడు.

గంట కొట్టారు. షెడ్యూల్ ప్రకారం మెసేజ్ వెళ్ళింది. ఐశ్వర్య క్షేమంగా పాఠశాలకు చేరుకుంది.

ఈ అద్భుతమైన ఏర్పాటుకు ఒకే ఒక్క అడ్డంకి వచ్చింది. ఆమె పేరు కృపారాణి, ఐశ్వర్య క్లాస్ టీచరు. పిల్లల మొహాలు చూసే దురలవాటు ఆమెకు ఇంకా పోలేదు. ఆ రోజు తరగతిలో పాట పాడే వంతు ఐశ్వర్యది. వారం నుంచీ అందరికీ చెప్పుకుని తిరిగిన పిల్ల సరిగ్గా ఆ రోజే ఎందుకు రాలేదా అని ఆమెకు మనసులో తొలిచింది. రెండో పీరియడ్‌లో ఇక ఆగలేక ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఐశ్వర్యకు బాగలేదా?"

"బాగానే ఉండాది గద మేడమ్! బస్సెక్కించినాను. చేరినాదని మెసేజ్ గూడా వచ్చినాది."

"మెసేజ్ వచ్చింటుందమ్మా. పాప రాలేదు."

ఆ తర్వాత భానుశ్రీ నాకు ఫోన్ చేసింది. ఏం చెబుతోందో మొదట అర్థం కాలేదు. "అన్నా, పాప... అన్నా, పాప" అంటోంది, అంతే. బండి తీసి, ఆమెను ఎక్కించుకుని బడికి వెళ్ళాను.

ఆఫీసులో హరినాథ్ తెర మీద ఐశ్వర్య పేరు వెతికి చూపించాడు. అతని మొహంలో నిజమైన అయోమయం.

"పాప సిస్టమ్‌లో ఉండాది మేడమ్. సూడండి, పచ్చరంగులో ఉండాది."

"సిస్టమ్‌లో ఉంటే బయటికి తియ్యప్పా!" అని అరిచింది భానుశ్రీ.



గేటు కెమెరా చూద్దామన్నాను. కెమెరా సర్వీసు తెరిచాడు. పక్కన 'రన్నింగ్' అనే ఉంది. కానీ డిస్క్ నిండిపోయి ఎన్నాళ్ళుగానో దానిలో ఏదీ రికార్డు కావడం లేదు. "సర్వీసు నడస్తానే ఉండాది సార్, వీడియోలే లేవు" అన్నాడు. ఏకాంబరం గారికి ఒక ఆలోచన వచ్చింది. "ఒకసారి రీస్టార్ట్ చెయ్యప్పా" అన్నారు. చేశాడు. కంప్యూటర్ అప్‌డేట్ మొదలుపెట్టింది. నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. మా చెల్లెలు టేబుల్ అంచు పట్టుకుని, ఆ చుక్కల్లోంచి పిల్ల ఎక్కడైనా బయటికి వస్తుందేమో అన్నట్టు చూస్తూ నిలబడింది.

పాఠకులారా, ఆ కాసేపట్లో నేను ఎన్ని ఘోరాలు ఊహించానో మీకు చెప్పను. మీకూ పిల్లలుంటారు.

అప్పటికే కృపారాణి తరగతులన్నీ తిరిగి, ఆ బస్సులో వచ్చే పిల్లల్ని అడిగి, పరుగున వచ్చింది.

"సార్, ఐశ్వర్య ఎనక సీట్లో నిద్రపోతా ఉండిందంట! దిగడం ఎవరూ సూడలేదంట."

"ఆ బస్సు యాడుండాది?" అన్నాను.

"ఒక్క నిమిషం సార్, సిస్టమ్ వచ్చినాక చెప్తాను" అన్నాడు హరినాథ్.

మేం అతని మాట పూర్తి కాకముందే బయటికొచ్చేశాం. మునిప్రసాద్ ఆవరణలో రెండో బస్సు అద్దం తుడుస్తున్నాడు. సంగతి వినగానే చేతిలో గుడ్డ జారిపోయింది. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి, తాళంచెవి తీసుకుని మా అందరికంటే ముందు పరుగెత్తాడు.

రేకుల షెడ్డు. మూసిన అద్దాలు. తలుపు లాగగానే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహాన కొట్టింది. ఐశ్వర్య చివరి సీట్లో లేదు. మెలకువ వచ్చాక ముందుకు వచ్చి, తలుపు తట్టి తట్టి, అక్కడే మెట్టు మీద ఒరిగిపోయి ఉంది. మొహం కందిపోయింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. భానుశ్రీ ఎత్తుకుంటే తల ఆమె భుజం మీదికి వాలిపోయింది.

"అమ్మా... అరిసినాను. ఎవురూ రాలేదు" అంది. గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదిలినట్టే ఉంది తప్ప మాట సరిగ్గా వినిపించలేదు.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు నాతో విడిగా అన్నాడు. రఘునాథ్ ఫ్యాక్టరీ టోపీతోనే వచ్చి, కూతురి పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి దోసె కావాలంది. అప్పుడు ఏడ్చాడు. సరిగ్గా ఆ సమయానికే భానుశ్రీ ఫోన్ మోగింది. 'మీ చిరంజీవి పాఠశాల నుండి క్షేమంగా బయలుదేరారు.'

ఎంత క్రమశిక్షణ! ఎంత సమయపాలన!

రెండు రోజుల తర్వాత బడిలో విచారణ జరిగింది. పిల్ల తరఫు పెద్దగా నన్నూ కూర్చోబెట్టారు. ఆ సభను చూసే భాగ్యం కలిగినందుకు నా జన్మ ధన్యమైంది.

హరినాథ్ లేచి, ఆ రోజు టాస్క్ తాలూకు వివరాలు చదివాడు. వేళకు మొదలైంది, వేళకు ముగిసింది. ఫలితం అన్న చోట, పని విజయవంతంగా పూర్తయిందని ఉంది. ఏకాంబరం గారు తమకు కంప్యూటర్ తెలియదనీ, నమ్మి అప్పగించాననీ చెప్పారు. ఆయమ్మను తీసేసింది ఎవరని అడిగితే, అది కమిటీ నిర్ణయమన్నారు. కమిటీ ఎవరని అడిగితే, దాని కాలపరిమితి ముగిసిందన్నారు. అందరూ తెర వెనకే ఉన్నారు. అందరూ రన్నింగే!

అప్పుడు గోడ పక్కన నిలబడ్డ మునిప్రసాద్ ముందుకు వచ్చాడు.

"నాదే తప్పు సార్. ఎనక సీటు దాకా పోయి సూడలేదు. సూసుంటే ఇట్ల జరిగుండదు."

సభలో ఎంత ఊరట! అందరూ అంతసేపూ వెతుకుతున్నది దొరికిపోయింది. అక్కడికక్కడే అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పనిలో పనిగా, పాఠం చెప్పే వేళ సెల్‌ఫోన్ వాడినందుకు కృపారాణికి మెమో ఇచ్చారు. న్యాయం ఇంత చురుగ్గా జరగడం నేనెక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం మునిప్రసాద్ మా చెల్లెలి ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. గడప దాటలేదు. "తల్లీ, పాపను ఒక్కసారి సూసి పోతాను" అన్నాడు. భానుశ్రీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె కోపం అలాంటిది. రఘునాథ్ తల తిప్పుకున్నాడు.

మంచం మీదున్న ఐశ్వర్య మాత్రం అతన్ని చూసి, ఇంకా బొంగురుగా ఉన్న గొంతుతో, "మామా, నా నీళ్ళ సీసా బస్సులోనే పోయినాది" అంది.

అతను సంచిలోంచి సీసా తీశాడు. కడిగి తెచ్చాడు. దాన్ని గడప లోపల పెట్టాడు. "నాకూ కూతురుండాది తల్లీ" అని వంటింటి వైపు చూసి అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి భానుశ్రీ మంచినీళ్ళ చెంబుతో వచ్చింది.

"లోపలికి రాన్నా. వాకిట్లో నిలబడొద్దు" అంది.

మర్నాడు పొద్దున ఆ వీధి తల్లులెవరూ పిల్లల్ని బస్సెక్కించలేదు. అందరూ పిల్లల్ని వెంటబెట్టుకుని బడి గేటు దగ్గరకు వచ్చారు. ఏకాంబరం గారు కంగారుగా బయటికొచ్చారు. మా చెల్లెలు ముందు నిలబడింది. ఇంట్లో బంధువుల ముందు కూడా గట్టిగా మాట్లాడని మనిషి.

"ప్రసాదన్నని పన్లోకి తీసుకోవాల సార్. అప్పుడే మా పిల్లోళ్ళు బస్సెక్కుతారు."

ఏకాంబరం గారు నిర్ఘాంతపోయారు. "నీ బిడ్డని బస్సులో మర్సిపోయినోడే గదమ్మా ఆయన!"

"అవును సార్. మర్సిపోయినానని సెప్పినోడు గూడా ఆయనొక్కడే. మీరు సెప్పలేదు, ఆ సిస్టమ్ సారూ సెప్పలేదు. ఇప్పుడు నా బిడ్డని ఎవురి సేతికియ్యమంటారు?"

ఏకాంబరం గారు చుట్టూ చూశారు. కంప్యూటర్ ఆఫీసులో ఉంది, సాయానికి రాలేకపోయింది. తల్లులు కదల్లేదు. బస్సుకు మళ్ళీ ఆయమ్మను పెట్టమని ఒకరు, కృపారాణి మేడమ్ మెమో చింపెయ్యమని ఒకరు మొదలుపెట్టారు. ప్రార్థన గంట కొట్టే వేళకు ఏకాంబరం గారు అన్నిటికీ ఒప్పుకున్నారు. పెద్ద మనసుతో ఒప్పుకున్నట్టు ఆ తర్వాత నోటీసు బోర్డులో రాయించారు.

ఐశ్వర్య వారం తర్వాత బడికి వెళ్ళింది. మొదటి రోజు బస్సు మెట్టు దగ్గర ఆగిపోయి, తల్లి కొంగు వదల్లేదు. మునిప్రసాద్ ఇంజను ఆపి దిగి వచ్చి, "నా పక్కన కూసోమ్మా, హారన్ నువ్వే కొట్టు" అన్నాడు. ఊరంతా వినబడేలా హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది.

అయితే నేను నా వాదన వెనక్కి తీసుకుంటానని ఆశపడకండి! యంత్రాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. ఏమి చెప్పారో అది చేసింది పాపం. చెప్పినవాళ్ళు 'మేం చెప్పాం' అని ఒక్క ముక్క అనడానికి నోరు రాక, దాన్ని ముందు పెట్టుకుని దాక్కున్నారు. ఆ చాటు కోసమే కొన్నారని, కొబ్బరికాయ కూడా ఆ చాటుకే కొట్టారని తెలుసుకోవడానికి నాకింత కాలం పట్టింది.

ఇప్పుడు మునిప్రసాద్ రోజూ పిల్లలు దిగాక, పక్కన ఆయమ్మ ఉన్నా సరే, బస్సులో చివరిదాకా నడుస్తాడు. ప్రతి సీటు కిందా వంగి చూస్తాడు. మొన్న ఏకాంబరం గారు ఆఫీసు కిటికీలోంచి ఆ వంగడం చూసి ముచ్చటపడ్డారట. ఈ పనిని కూడా షెడ్యూల్ చెయ్యొచ్చా అని హరినాథ్‌ని అడిగారట.

"చెయ్యొచ్చు సార్. పొద్దున గంట కొట్టగానే 'బస్సులో ఎవరూ లేరు' అని అందరికీ మెసేజ్ పోతుంది" అన్నాడట హరినాథ్.